బాతుల తాతబ్బాయి దొంగవేషం

తాతబ్బాయికి నటన రాదన్న సంగతి పోలీసులు పట్టుకునేదాకా తాతబ్బాయికే తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. బాతులు మేపుకునేవాడు బాతుల ముందు నటించి బావుకునేదేముంది? కోతలైన చేలల్లో బాతుల్ని వదిలి, రాలిన గింజలూ నత్తలూ మేపి, చేను ఇచ్చిన రైతుకు నాలుగు గుడ్లు పెట్టి, ఆ ఊరి చేలు అయిపోగానే పక్క ఊరికి నడవడం అతని బతుకు. అడిగితే రైతులు కాదనరు. ఎందుకంటే తాతబ్బాయి మంచివాడన్న మాట బాతులకన్నా ముందే ఊళ్ళోకి వెళ్ళేది.

అలాంటి తాతబ్బాయి మకాం వేసిన చేను పక్కనే సత్తిరాజు గారి చేపల చెరువు ఉంది. ఒక తెల్లవారుజామున చెరువు గట్టు మీద ఉండాల్సిన నీటి మోటారు లేదు. కాపలా పోలయ్యను అడిగితే, "ఎవడో వంగి నడుచుకుంటా ఎల్లాడండి, మొకం కనపడలేదండి," అన్నాడు. చుట్టుపక్కల వంగి నడిచేవాడు ఎవడా అని చూస్తే తాతబ్బాయి కనిపించాడు. బాతుల వెనక తిరిగేవాడు వంగకుండా ఎలా నడుస్తాడని ఎవరూ అనుకోలేదు. ఎస్సై సుదర్శనం జీపెక్కించి తీసుకుపోయాడు.

మామూలు రోజుల్లో అయితే నాలుగు కేకలు వేసి, మోటారు దొరక్కపోతే వదిలేసేవారేమో. కానీ తాతబ్బాయి దొరికిన వేళ మంచిది కాదు. జిల్లా ఎస్పీ ప్రభంజనరావు గారు అప్పుడే ఒక సర్క్యులర్ జారీ చేసి ఉన్నారు.

దొంగను పట్టుకున్నాక నేరం జరిగిన చోటికి తీసుకెళ్ళి, ఎలా చేశావో చేసి చూపించమనడం పోలీసుల ఆనవాయితీ. దానికి సీన్ రీకన్‌స్ట్రక్షన్ అని పేరు. ఆ మధ్య ఒక గొలుసు దొంగ చేత అలా చేయిస్తుంటే వాడికి నవ్వొచ్చింది, గొలుసు పోయినావిడకీ నవ్వొచ్చింది. ఆ వీడియో ఊరంతా ఫోన్లలో తిరిగింది. కింద ఎవడో, 'దొంగ యాక్టింగ్ తేలిపోయింది, పోలీసు సైడ్ క్యారెక్టర్లు కూడా వీక్' అని రాశాడు. ప్రభంజనరావు గారు ఆ రోజు అన్నం ముట్టలేదట.

ఆయనకు సినిమా అంటే పరాంకుశం గారే. నేరాల సినిమాలకు పేరుపడ్డ నటుడు, అభిమానులు 'నేరనట శేఖర' అని పిలుచుకునే పరాంకుశం గారు. ఎస్పీ గారి ఆఫీసులో గోడ మీద ఒక పక్క జాతీయ నాయకులుంటే, రెండో పక్క కత్తి పట్టుకున్న పరాంకుశం గారుండేవారు. అందువల్ల సర్క్యులర్ ఇలా వచ్చింది:

'జిల్లాలో నిర్వహించబడుచున్న నేర పునర్నిర్మాణములలో నిందితుల నటన నాసిరకముగా ఉండుట గమనించడమైనది. ఇకపై ప్రతి నిందితుడు శ్రీ పరాంకుశం గారి ఉత్తమ నటనల స్థాయికి తగ్గకుండా నేరమును అభినయించవలెను. త్రిసభ్య సంఘము మార్కులు వేయును. అరవైకి తక్కువ వచ్చిన నిందితుడు దర్యాప్తునకు సహకరించనట్లు భావించి, శిక్షణ పూర్తగు వరకు కస్టడీ పొడిగింపు కోరవలెను. నూటికి నూరు సాధించిన పక్షములో నేరము రుజువైనట్లే పరిగణించవలెను.'

సుదర్శనం దీన్ని లాకప్ ముందు నిలబడి రెండుసార్లు చదివి వినిపించాడు.

"అయ్యా, నేను మోటారు తియ్యలేదండి. తియ్యనోణ్ణి ఎలా సేసి సూపించేదండి?" అన్నాడు తాతబ్బాయి.

"తియ్యలేదన్న విషయం నటనలో కనిపించకూడదురా. అదే నటనంటే," అన్నాడు సుదర్శనం.

ఆ మర్నాటి నుంచి స్టేషన్లో చదువు మొదలైంది. ఫిర్యాదుదారులు కూర్చునే గదిలో పెద్ద టీవీ పెట్టారు. పరాంకుశం గారి ఉత్తమ నటనలేవో తేల్చడానికి రెండు పూటలు పట్టింది. గుడ్డివాడి వేషంలో బ్యాంకు దోచిన సినిమాయే గొప్పదని ఎస్సై అన్నాడు. ఉత్తరాలు పంచుతూ ఊరంతటికీ విషం పెట్టిన పోస్ట్‌మన్ వేషం ముందు అదెంత అని హెడ్ కానిస్టేబుల్ లేచాడు. మాట పెరిగింది. ఈలోగా ఎస్పీ గారి నుంచి ఫోన్ వచ్చింది: మనుషుల్ని నరికిస్తూ తాను మాత్రం కుర్చీలో కూర్చుని బత్తాయి వొలుచుకునే పాత్ర ఉంది చూశారూ, అందులో ఒక్క డైలాగూ లేదు, అదే శిఖరం. అందరూ అదే శిఖరమని ఒప్పుకున్నారు. సైకిల్ పోయిందని వచ్చిన ఒక మాస్టారు ఇంటర్వెల్ దాకా ఆగి, తర్వాత సినిమా బాగుందని చివరిదాకా ఉండి, సైకిల్ సంగతి చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

తాతబ్బాయిని మాత్రం ముందు వరుసలో కూర్చోబెట్టారు. అతను దొంగను చూసి నేర్చుకోవాల్సింది పోయి, చచ్చేవాళ్ళను చూసి కంగారుపడేవాడు. పోస్ట్‌మన్ విషం కలుపుతుంటే, "అమ్మా, తాగమాకండి!" అని అరిచాడు. కుర్చీలో బత్తాయి సినిమా చూసినప్పుడు రాత్రి అన్నం సహించలేదు.

"వీడికి పాత్ర మీద అవగాహన లేదు సార్," అని హెడ్ రాసుకున్నాడు.

కటకటాల దగ్గరికి తాతబ్బాయి పెళ్ళాం నూకాలు రోజూ వచ్చేది. ఒంటరిగా బాతుల్ని కాసుకోలేక చిక్కి సగమైంది.

"ఈ చేలల్లో గింజ అయిపోయిందయ్యా. కాలవ వదిలేత్తారంట, నీళ్ళెట్టి దున్ని దమ్ము సేసేత్తారంట. ఏటి మధ్య లంకలో రైతుని అడిగితే, దొంగోడి బాతులు మా చేలోకొద్దన్నాడు. నువ్వు బయటికొచ్చినా ఈ పేరు పోకపోతే బాతుల్ని ఎక్కడ మేపుతాం? అమ్ముకోవాల్సిందే."

"సరిగ్గా సేత్తే వదిలేత్తారేమోనే."

"సరిగ్గా సేత్తే దొంగవైపోతావు. సెయ్యకపోతే ఇక్కడే ఉంటావు. ఏం సేత్తావో నాకైతే తెలవట్లేదు," అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఈ మాటకు జవాబు సర్క్యులర్‌లో కూడా లేదు.

మొదటి ప్రదర్శన చెరువు గట్టు మీద జరిగింది. షామియానా వేశారు. మార్కులు వేసే ఎస్పీ గారు, తహసీల్దారు, కాలేజీ తెలుగు లెక్చరర్ ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు, పక్క కుర్చీలో సత్తిరాజు గారు. పోయిన మోటారు లేదు కాబట్టి దాని స్థానంలో స్టేషన్లో పాడైపోయిన కూలరు పెట్టారు. నక్కినక్కి రావాలి, అటూ ఇటూ చూడాలి, బోల్టులు విప్పాలి, ఎత్తుకుని పారిపోవాలి అని సుదర్శనం పొద్దున్నుంచీ నూరిపోశాడు.

"యాక్షన్!" అన్నారు ఎస్పీ గారు స్వయంగా.

తాతబ్బాయి గట్టు దాకా వచ్చి, పరాయివాళ్ళ చెరువు కదా అని చెప్పులు విడిచాడు. పోలయ్య కనపడగానే, "బాగున్నావా అన్నా? జొరం తగ్గిందా?" అన్నాడు. కూలరు దగ్గరికి వెళ్ళి, తల గోక్కుని, కుర్చీలో ఉన్న సత్తిరాజు గారి వైపు తిరిగి చేతులు కట్టుకుని, "అయ్యగారూ, పట్టుకెల్లనాండి?" అని అడిగాడు.

సత్తిరాజు గారు ఆలోచించకుండా, "పట్టుకెళ్ళరా," అనేశారు. ఎవరైనా అంత మర్యాదగా అడిగితే ఆయన కాదనలేరు.

తాతబ్బాయికి భయం వేసినప్పుడు బాతుల్ని కేకేసే అలవాటు. కూలరు ఎత్తుతూ గొంతెత్తి ఒక కూత కూశాడు. అన్ని రోజులుగా ఆ గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉన్న బాతులన్నీ పక్క చేలోంచి నూకాలు ఆపుతున్నా ఆగకుండా గట్టెక్కి, షామియానా కింద దూరి, తహసీల్దారు గారి కాళ్ళ మధ్య నుంచి వచ్చి తాతబ్బాయిని చుట్టేశాయి. అతను కూలరు వదిలేసి, కూలబడి, వాటిని నిమురుతూ ఏడ్చేశాడు.

మార్కులు నూటికి ఏడు. 'నిందితునిలో దొంగతనము పట్ల నిబద్ధత బొత్తిగా లేదు' అని ఎస్పీ గారు రాశారు. 'రసభంగము' అని లెక్చరర్ రాసి, బాతుల సహజత్వాన్ని మాత్రం ప్రశంసించారు. తహసీల్దారు గారు ప్యాంటు ఉతికించుకోవాలని ముందే వెళ్ళిపోయారు.

కస్టడీ పొడిగించారు. ఇక లాభం లేదని ప్రభంజనరావు గారే ఒక నిర్ణయం తీసుకున్నారు. పక్క టౌన్లో పరాంకుశం గారికి సన్మానం జరుగుతోంది. దానికి వచ్చిన మనిషిని బతిమాలి, శిక్షకుడిగా చెరువు దగ్గరికి తీసుకొచ్చారు.

కారు దిగిన పరాంకుశం గారిని చూసి తాతబ్బాయి మొదట ఎస్సై వెనక దాక్కున్నాడు. తర్వాత తొంగి చూస్తే, మెడకు మఫ్లరూ, మోకాళ్ళకు నొప్పులూ ఉన్న ఒక పెద్దాయన. బత్తాయి రసం ఇస్తే, షుగరని వద్దన్నాడు.

"కూర్చో నాయనా," అని తాతబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మోటారు ఎందుకు తీశావు? ఆకలా? పగా? వ్యసనమా?"

"నేను తియ్యలేదండి బాబూ."

"భేష్! దొంగ ఎప్పుడూ తియ్యలేదనే అనుకుంటాడు. అక్కణ్ణుంచే మొదలుపెట్టు."

"నిజంగానే తియ్యలేదండి. మా బాతులు ఆకలికి మాడిపోతన్నాయండి. తమరేటంటే అది సేసేత్తానండి, కానీ నాకు రాట్లేదండి."

పరాంకుశం గారు నిట్టూర్చాడు. "నీకు రాదని నిన్ను ఇక్కడుంచారు. నాకు వచ్చని నన్ను ఎక్కడా ఉంచలేదు నాయనా. ఇన్నేళ్ళలో ఒక్క అవార్డు ఇవ్వలేదు. అవార్డుల కమిటీ వాళ్ళు ప్రతిసారీ ఒకటే మాట. ఇందులో నటనేముంది, ఆయన మనిషే అలాంటివాడు, అని! ఇంట్లో చీమను చంపితే మా ఆవిడ నన్ను తిడుతుంది, తెలుసా?"

శిక్షణ సాయంత్రం దాకా సాగింది. తాతబ్బాయి చెప్పులు విడవడం మానలేదు, పోలయ్యను పలకరించడం మానలేదు. చివరికి పరాంకుశం గారికి విసుగొచ్చింది. మఫ్లరు తీసి ఎస్సై చేతిలో పెట్టాడు. "ఒక్కసారి నేను చేస్తాను. కళ్ళప్పగించి చూడు. అందరూ నిశ్శబ్దంగా ఉండండి."

చూడ్డానికి వచ్చిన త్రిసభ్య సంఘం వారూ, సత్తిరాజు గారూ కుర్చీల్లో సర్దుకున్నారు.

ఆయన నక్కలేదు. అటూ ఇటూ చూడలేదు. కొన్నాళ్ళుగా ఆ గట్టు మీదే తిరుగుతున్న మనిషిలా మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. మోకాళ్ళ నొప్పి ఏమైందో తెలియదు. చెరువు అంచున కూర్చుని చేతులు కడుక్కున్నాడు. తువ్వాలు పరిచి, కూలరును దాని మీదికి జరిపి, నిద్రపోతున్న పసివాడిని ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి పోలయ్య కళ్ళలోకి ఒకే ఒక్క చూపు చూశాడు. నువ్వు చూశావని నాకు తెలుసు, నువ్వు చెప్పవనీ నాకు తెలుసు అన్నట్టుంది ఆ చూపు. అంతే, వంగి నడుచుకుంటూ మలుపు తిరిగిపోయాడు.

దొంగతనం తాను చెయ్యలేదని ఖాయంగా తెలిసిన తాతబ్బాయికి, చేసింది ఎవరో అప్పుడు తెలిసిపోయింది.

"ఇతనేనండీ!" అని పోలయ్య గొంతు పగిలేలా అరిచాడు. "ఆ నడకేనండి! ఆ నడుమేనండి! ఇతనే మోటారు ఎత్తుకెల్లింది!"

సత్తిరాజు గారు లేచి పరుగెత్తి పరాంకుశం గారి చొక్కా పట్టుకున్నారు. "పెద్దమనిషి అనుకున్నానయ్యా! నా మోటారు నాకిచ్చెయ్!"

ప్రభంజనరావు గారు చప్పట్లు కొడుతూ, కన్నీళ్ళు పెట్టుకుంటూ నిలబడ్డారు. ముగ్గురూ సంప్రదించుకోకుండానే నూటికి నూరు వేశారు. ఆ తర్వాత ఎస్పీ గారికి తన సర్క్యులర్‌లోని ఆఖరి వాక్యం గుర్తొచ్చింది.

"సార్, మీకు నేను వీరాభిమానిని," అన్నారు చేతులు జోడించి. "కానీ నూటికి నూరు వచ్చిన మీదట నేరము రుజువైనట్లే. నా ఉత్తర్వులు నేనే ఉల్లంఘించలేను. సుదర్శనం, సార్‌ని జాగ్రత్తగా జీపెక్కించు."

పరాంకుశం గారు మొదట పకపకా నవ్వాడు. నవ్వుతూనే జీపెక్కాడు. తలుపు వేశాక కిటికీలోంచి, "నూటికి నూరా? అందరూ వేశారా?" అని అడిగాడు. వేశారని చెబితే, ఆ మార్కుల కాగితం ఒకసారి చూపించమన్నాడు. మర్నాడు మేజిస్ట్రేటు గారు బెయిలు ఇవ్వలేదు. ఒక్క చూపుతో సాక్షిని వణికించిన మనిషి బయట ఉంటే సాక్షుల్ని ప్రభావితం చేసే అవకాశం మెండుగా ఉందన్నారు. ఆయన కూడా బత్తాయి సినిమా చూసినవారే.

తాతబ్బాయిని వదిలేశారు. ముద్ర వేసిన కాగితం ఒకటి చేతికిచ్చారు: 'ఇతడు దొంగగా నటించుటకు సైతం పనికిరాడని త్రిసభ్య సంఘము నిర్ధారించినది.' నూకాలు దాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి రవికలో దాచుకుంది. లంకలో రైతు ఆ కాగితం చదివించుకుని కడుపుబ్బ నవ్వి, చేను చూపించాడు. బాతులు నీళ్ళమడుగులో దిగి మునకలు వేస్తుంటే, మొగుడూ పెళ్ళాం గట్టు మీద కూర్చుని చాలా రోజులకు కడుపునిండా అన్నం తిన్నారు. తాతబ్బాయికి జైల్లో ఉన్న పెద్దాయన గుర్తొచ్చి నాలుగు గుడ్లు పంపించాడు.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ మోటారు దొరికింది.

టౌన్లో మోటార్లకు వైండింగు చేసే షాపువాడు సత్తిరాజు గారికి ఫోన్ చేసి, రిపేరు అయిపోయిందండి, తీసుకుపోండి, కాలు పెట్టుకోను చోటు లేదు అన్నాడు. తీరా చూస్తే, ఆ వేకువజామున మోటారు సరిగా తిరగడం లేదని మావగారికి చెప్పకుండా వంగి మోసుకెళ్ళి షాపులో పడేసింది సత్తిరాజు గారి అల్లుడే. అటునించి అటే తిరుపతి యాత్రకు వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకెక్కడెక్కడికో వెళ్ళి, అప్పుడే వచ్చాడు.

సుదర్శనం చెమటలు కక్కుకుంటూ ఎస్పీ గారి ముందు నిలబడ్డాడు. "సార్, అసలు దొంగతనమే జరగలేదు సార్."

ప్రభంజనరావు గారు గోడ మీది పరాంకుశం గారి ఫోటో వైపు చూశారు. తర్వాత త్రిసభ్య సంఘాన్ని పిలిపించారు. సర్క్యులర్ తప్పని ఒప్పుకుంటారని సుదర్శనం లోలోపల ఆశపడ్డాడు. పాపం, సర్వీసులో కొత్త. సంఘం ఇలా తీర్మానించింది:

'జరగని నేరమును జరిగినట్లు నమ్మించుట ద్వారా శ్రీ పరాంకుశం గారు సంఘమును తప్పుదోవ పట్టించిరి. వారి మార్కులు రద్దు చేయడమైనది. వయసును దృష్టిలో ఉంచుకుని హెచ్చరించి విడుదల చేయవలెను. జరగని దొంగతనమును జరగనట్లే ఉన్నది ఉన్నట్లు ప్రదర్శించిన ఏకైక నటుడు తాతబ్బాయి. అతని మార్కులను ఏడు నుండి నూటికి సవరించి, జిల్లా ఉత్తమ నేరనటుడుగా సత్కరించవలెను.'

"మరి నూరు వస్తే నేరం రుజువైనట్టే కదా సార్?" అని సుదర్శనం నోరుజారాడు.

"నేరము లేదు కాబట్టి రుజువైననూ నష్టము లేదు," అన్నారు లెక్చరర్.

సభ టౌన్‌హాల్లో జరిగింది. తాతబ్బాయికి శాలువా కప్పారు. ముఖ్య అతిథి పరాంకుశం గారే. రానంటే బాగుండదని వచ్చాడు. వెండి రంగు షీల్డు చేతికిస్తూ తాతబ్బాయి చెవిలో, "నాయనా, నిజం చెప్పు. ఆ 'పట్టుకెల్లనాండి' అన్న మాట నీకెలా తట్టింది?" అని అడిగాడు.

"అడక్కుండా ఎలా పట్టుకెల్తామండి?" అన్నాడు తాతబ్బాయి.

పరాంకుశం గారు కళ్ళు మూసుకుని తల పంకించాడు. "అదీ. అది నాకు ఈ జన్మలో తట్టదు," అని మఫ్లరుతో కళ్ళు తుడుచుకుని స్టేజీ దిగిపోయాడు. అవార్డుకీ, నటించలేడన్న కాగితానికీ పొసగదని హెడ్ కానిస్టేబుల్ నూకాలు దగ్గర కాగితం వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. 'దొంగ పాత్రలో జీవించిన తాతబ్బాయి' అని పెద్దక్షరాలు.

లంకలో గింజ అయిపోయాక తాతబ్బాయి బాతుల్ని తోలుకుని తర్వాతి ఊరు వెళ్ళాడు. ముళ్ళకంప తడిక దగ్గర రైతు ఎదురొచ్చాడు. ఎగాదిగా చూసి, "నువ్వు ఆ పేపర్లో పడ్డ దొంగోడివి కదూ?" అన్నాడు.

"కాదండి. దొంగతనమే జరగలేదండి. మోటారు అల్లుడుగారే రిపేరుకి ఇచ్చారండి."

"జరగనిదానికి పోలీసులు బహుమతెందుకిత్తారేంటి?"

తాతబ్బాయి షీల్డు సంచిలోంచి తీసి నేల మీద పెట్టాడు. వెనక బాతులు ఆకలికి గోల పెడుతున్నాయి. నూకాలు వాటిని ఆపలేక ఆపుతోంది. అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. చేతులు రెండూ జోడించాడు.

"బాబుగారూ, నేను దొంగని కాదండి. నాకు యాక్టింగూ రాదండి. నా బాతుల మీద ఒట్టండి. ఈ పూట మేత లేకపోతే చచ్చిపోతాయండి."

రైతు నోరెళ్ళబెట్టాడు. తర్వాత ఇంటివైపు తిరిగి కేకేశాడు.

"ఏవర్రా, అందరూ రండర్రా! అబ్బబ్బ, ఎంత బాగా సేత్తన్నాడో సూడండి! కళ్ళల్లో నీళ్ళు కూడా తెప్పించేశాడు!"

ఇంటిల్లిపాదీ వచ్చి తడిక అవతల నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక ముసలమ్మ ఇంకోసారి చెయ్యమని కూడా అడిగింది. చప్పట్లు అయ్యాక రైతు, మోటారు షెడ్డుకు తాళం వేసి ఉందో లేదో చూసి రమ్మని కొడుకును పంపి, తడిక లాగి కట్టేశాడు.